షాంఘై సందుల నుంచి షాషీ చౌకు వరకు: చైనాలోని చిన్న కాఫీ షాపులు

కాఫీ కోసమే చైనాకు వెళ్లేవారు తక్కువే గానీ, వెళ్లినవారు షాంఘైలో ఒక పూటైనా చిన్న కాఫీ షాపులకు కేటాయించకపోతే నష్టపోయినట్టే. ప్రపంచంలో మరే నగరంలోనూ లేనన్ని కాఫీ షాపులు ఆ ఊళ్లో ఉన్నాయి. వాటిలో ఎక్కడ చూసినా కనిపించే లకిన్ వంటి గొలుసు షాపులను పక్కన పెట్టి, ఒకప్పుడు ఫ్రెంచివారి అధీనంలో ఉన్న పేటలో యోంగ్‌కాంగ్, ఆన్ఫూ, వూకాంగ్ వీధుల వెంట నడవాలి. చినార్ జాతి చెట్ల కొమ్మలు రోడ్డుకు అడ్డంగా కలిసిపోయి ఉంటాయి. పాత ఇళ్ల కింది అంతస్తుల్లో, గోడకు ఒక కిటికీ తెరిచి, ఇద్దరు నిలబడటానికి మాత్రమే చోటున్న షాపులు ఆ వీధుల్లో చాలా ఉన్నాయి. ఇప్పుడు దేశమంతా విస్తరించిన మానర్ అనే కాఫీ గొలుసు కూడా 2015లో నాన్‌యాంగ్ వీధిలో అలాంటి చిన్న కిటికీతోనే మొదలైంది.

పనితనం విషయంలో షాంఘైకి సాటి వచ్చే ఊరు నాకు చైనాలో కనిపించలేదు. గింజ ఏ తోటది, ఎలా ఎండబెట్టారు, ఎప్పుడు వేయించారు అన్న వివరాలతో ఒక చిన్న కార్డు కప్పుతో పాటే వస్తుంది. చల్లటి పాల మీద వేడి ఎస్ప్రెస్సో పోసి, కలపకుండా తాగమని ఇచ్చే 'డర్టీ' అక్కడ చాలామంది అడిగే కాఫీ. అయితే సొంత షాపుల్లో కప్పు సాధారణంగా 25 నుంచి 40 యువాన్ల దాకా ఉంటుంది, కూర్చునే చోటు ఇరుకు, శని ఆదివారాల్లో ఫొటోల కోసం వచ్చేవారి రద్దీ. రుచి కోసం వెళ్లేవారికి ఇది పెద్ద అడ్డంకి కాదు గానీ, పుస్తకం పట్టుకుని తీరిగ్గా గడుపుదామనుకునేవారికి నేను షాంఘైని సూచించను.

చాలా షాపుల్లో బల్ల మీది కోడ్‌ను స్కాన్ చేసి ఆర్డర్ ఇవ్వాలి. మన దగ్గర యూపీఐకి అలవాటు పడినవారికి స్కాన్ చేయడం కొత్త కాదు గానీ, తెరుచుకునే మెనూ మొత్తం చైనీస్‌లో ఉంటుంది. స్క్రీన్‌షాట్ తీసి అనువాద యాప్‌లో చూసుకోవచ్చు, లేదా నేరుగా కౌంటర్ దగ్గరకు వెళ్తే చిన్న షాపుల వాళ్లు ఓపిగ్గానే చెబుతారు. వీసా, మాస్టర్‌కార్డు వంటి బ్యాంకు కార్డులను అక్కడ డబ్బు చెల్లించే యాప్ అలీపేకి బయలుదేరే ముందే జోడించుకోవడం మంచిది. 200 యువాన్లు దాటిన చెల్లింపులకే 3 శాతం రుసుము పడుతుంది కాబట్టి కాఫీ ఖర్చుకు ఆ బెంగ లేదు. గూగుల్ మ్యాప్స్ మీద ఆధారపడితే సందుల్లో తిరుగుతూనే ఉండాలి, అక్కడివారు వాడే గావ్‌డే మ్యాప్ మేలు.

చెంగ్డూలో కాఫీ షాపులు బాగానే ఉన్నా, పార్కుల్లో వెదురు కుర్చీల్లో కూర్చుని మూత కప్పుల్లో టీ తాగే ఊరు అది. అక్కడ టీకే ఓటు వేశాను.

అసలు చెప్పవలసింది యున్నాన్ గురించి. చైనాలో పండే కాఫీ దాదాపు అంతా ఈ రాష్ట్రానిదే. పూఆర్, బావోషాన్ ప్రాంతాల తోటల్లో ఎక్కువగా కనిపించేది ఆకు తుప్పు తెగులును తట్టుకునే కాటిమోర్ రకం. మన దేశంలో కావేరి పేరుతో వేసేది కూడా ఈ వంగడం సంతతే. రాష్ట్ర రాజధాని కున్‌మింగ్ నుంచి హైస్పీడ్ రైల్లో రెండు గంటల్లో చేరే దాలీలోని పాత ఊరిలో ఈ గింజలను తోటకు దగ్గరలోనే రుచి చూడవచ్చు. బాయ్ జాతివారి పాత ఇంట్లో నడిపే ఒక షాపులో, మూడు వైపులా గదులు, నాలుగో వైపు సున్నం కొట్టిన తెల్లటి గోడ, మధ్య వాకిలిలో పూల కుండీల నడుమ బల్లలు వేశారు. యజమానురాలు బావోషాన్ గింజలను తూచి, మర పట్టి, ముందుగా ఆ పొడిని వాసన చూడమని నా చేతికిచ్చారు. తర్వాత సన్నటి ధారగా నీళ్లు పోస్తూ, మధ్యలో ఆగుతూ, ఒక్క కప్పుకు అయిదు నిమిషాల పైనే తీసుకున్నారు. తొక్కతోనే ఎండబెట్టిన గింజలు కావడంతో ఎండు ఖర్జూరం లాంటి తీపి, చివర కొంచెం పులుపు. అరకు కాఫీని పాలు లేకుండా తాగే అలవాటున్నవారికి ఇది వెంటనే నచ్చుతుంది, చిక్కటి ఫిల్టర్ కాఫీ కోరుకునేవారికి మాత్రం పలచగా తోస్తుంది.

దాలీలో బసకు ఒక జాగ్రత్త అవసరం. విదేశీయుల వివరాలను హోటళ్లు పోలీసులకు నమోదు చేయాలి. ఆ పని తెలియని ఒక చిన్న గెస్ట్‌హౌస్ వారు, ముందే బుక్ చేసుకున్నా, నా పాస్‌పోర్టు చూడగానే రాత్రి వేళ గది లేదన్నారు. బుక్ చేసేటప్పుడే విదేశీ పాస్‌పోర్టు తీసుకుంటారా అని సందేశం పంపి, జవాబు వచ్చాకే డబ్బు కట్టడం ఉత్తమం. మర్నాడు దొరికిన బస ధర కొంచెం ఎక్కువైనా, నమోదు పనంతా వాళ్లే చూసుకున్నారు, పొద్దున్నే మేడ మీద నుంచి త్సాంగ్‌షాన్ కొండలు కనిపించాయి.

దాలీ నడివీధులు ఇప్పుడు పర్యాటకులతో కిక్కిరిసి ఉంటాయి. ఆ సందడి గిట్టనివారు ఉత్తరాన జియాన్‌చువాన్ దాకా వెళ్లి, అక్కడి నుంచి వ్యాన్‌లో షాషీ చేరుకోవాలి. టీ, గుర్రాల వర్తకులు ఆగే ఈ పాత మజిలీలో సిడెంగ్ చౌకు, దాని ఒక వైపు గుడి, ఎదురుగా నాటక వేదిక ఉన్నాయి. 2000 తర్వాత స్విస్ నిపుణుల తోడ్పాటుతో వీటిని హంగులు తగిలించకుండా బాగుచేశారు. చౌకు అంచున ఉన్న కాఫీ షాపుల్లో కాఫీ షాంఘై స్థాయిది కాదు, పాల నురుగు కూడా ఒక్కోసారి గరుకుగా వస్తుంది. అయినా ఒక్క కప్పు తీసుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నా ఎవరూ లేవమనరు, ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే. ఉదయం పదింటికి ముందు చాలా షాపులు తెరవవు. శుక్రవారం సంత రోజు, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వస్తారు. ఆ సందడి చూడదలచినవారు గురువారం రాత్రికే బస కుదుర్చుకోవాలి, ప్రశాంతత కోరేవారు శుక్రవారం కాకుండా వారం మధ్యలో వెళ్లడం మంచిది.