ఉల్దోల్మోక్ చూడాలంటే ముందు పోటు, పాటు వేళలు చూసుకోండి

ముందే చెప్పేస్తున్నాను. దక్షిణ కొరియాలో ఉల్దోల్మోక్ జలసంధి చూడాలనుకునేవాళ్ళు ప్యాకేజీ వ్యాన్ మాట్లాడుకోకండి. మేము మాట్లాడుకున్నాం. నలుగురికి కలిపి 3,80,000 వోన్, మన లెక్కలో దాదాపు 23,000 రూపాయలు. ఆ డబ్బుకి మాకు చూపించింది కదలని నీళ్ళు, నలభై నిమిషాలు.

మా మరిది గ్వాంగ్జులో పీహెచ్‌డీ చేస్తున్నాడు. కిందటి అక్టోబరులో నేనూ మా ఆయనా మావయ్యగారిని వెంటబెట్టుకుని అతని దగ్గరికి వెళ్ళాం. సియోల్లో మూడు రోజులు, గ్వాంగ్జులో రెండు రోజులు బాగానే గడిచాయి. మావయ్యగారికి మాత్రం అవేవీ పట్టలేదు. ఆయన కాకినాడ ఏటిమొగలో ముప్ఫై ఏళ్ళకు పైగా మరబోటు సరంగుగా పనిచేశారు. 1597లో కొరియా నౌకాదళం పదమూడు ఓడలతో జపానువాళ్ళ నూట ముప్ఫై మూడు ఓడల్ని అడ్డుకున్న చోటు ఇక్కడికి దగ్గరేనని మరిది ఎప్పుడో ఫోన్లో చెప్పాడట. అప్పటి నుంచీ ఆయన అడుగుతున్నది ఒకటే: "అక్కడ నీరు ఎలా ఉంటదిరా?"

వ్యాన్ పొద్దున ఏడింటికి వస్తామన్నారు. వచ్చింది తొమ్మిదీ ముప్ఫై అయిదుకి. ఆలస్యానికి కారణం అడిగితే ట్రాఫిక్ అన్నాడు డ్రైవరు. గైడూ అతనే. దారిలో ఎర్ర జిన్‌సెంగ్ అమ్మే దుకాణం దగ్గర ఆపి అరగంటకు పైగా కూర్చోబెట్టాడు. కార్యక్రమంలో ఆ దుకాణం ఊసే లేదు. మేమేమీ కొనలేదు, దాంతో అతని ముఖం మాడిపోయింది. జలసంధి ఒడ్డున ఉన్న ఉసుయోంగ్ ఊరు చేరేసరికి పన్నెండూ యాభై.

అక్కడ హేనం తీరానికీ జిందో దీవికీ మధ్య సముద్రం బాగా ఇరుకైపోతుంది. మరీ ఇరుకైన చోట సుమారు 300 మీటర్లే. పైన జంట వంతెనలు, ఒకటి 1984లో, రెండోది 2005లో కట్టారు. ఒడ్డున రెయిలింగ్ పట్టుకుని కిందకి చూశాం. నీళ్ళు చెరువులా ఉన్నాయి. సముద్రపు పాచి ముక్క ఒకటి పడిన చోటే తేలుతోంది. "యుద్ధం జరిగింది ఇక్కడే. ఫోటోలు తీసుకోండి, ఒకటిన్నరకి బయల్దేరాలి" అని డ్రైవరు వెళ్ళి వ్యాన్లో కూర్చున్నాడు. మా ఆయనకి ఒళ్ళు మండిపోయింది. "ఇరవై మూడు వేలు పోసి కాలవ చూడ్డానికి వచ్చామా?" అని తమ్ముడి మీద విరుచుకుపడ్డారు. పాపం మరిది తల దించుకుని నిలబడ్డాడు.

మావయ్యగారు ఆ గొడవ వినడం లేదు. ఆయన కళ్ళు పాచి ముక్క మీదే ఉన్నాయి. కాసేపటికి, "నిన్న పున్నం కదూ అమ్మాయ్?" అన్నారు. అవునన్నాను. "మరి ఆ యుద్ధం ఏ తిథిన జరిగిందిరా?" అని కొడుకుని అడిగారు. మరిది ఫోన్లో చూసి చెప్పాడు: 1597 అక్టోబరు 26, కొరియా చాంద్రమానంలో తొమ్మిదో నెల పదహారో రోజు.

"అంటే పాడ్యమి. ఇయ్యాలే" అన్నారాయన. "నీరు చచ్చిపోలేదురా, నిలబడింది. ఇంకాసేపట్లో తిరుగుద్ది."

ఆ మాటతో నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఇక్కడ జరిగిన ఆ యుద్ధం, మ్యోంగ్న్యాంగ్ యుద్ధం, మొత్తం నడిచింది ఆ తిరగడం మీదే. ఆ ఏడాది వేసవి చివర చిల్చొన్న్యాంగ్ దగ్గర జపాను చేతిలో కొరియా నౌకాదళం దాదాపు మొత్తం నాశనమైంది. నౌకాధిపతి యీ సున్‌సిన్ అప్పటికే పదవి పోగొట్టుకుని, చెరసాలలో చిత్రహింసలు పడి, మామూలు సిపాయిగా దిగజారి ఉన్నాడు. ఓడిపోయాక రాజు సొంజో ఆయన్నే మళ్ళీ పిలిచాడు. దొరికినవి పన్నెండు ఓడలు. ఇంతోటి దళం ఎందుకు, రద్దు చేసి నేల మీద సైన్యంలో కలిసిపో అని ఆజ్ఞ వస్తే, "నా దగ్గర ఇంకా పన్నెండు ఓడలున్నాయి" అని తిరిగి రాశాడు. తర్వాత ఇంకొకటి చేరింది. యుద్ధానికి ముందు రోజు, ఇంత చిన్న దళంతో ఈ ఇరుకుని వీపు వెనక పెట్టుకుని నిలబడకూడదని, జిందోలోని బ్యోక్పాజిన్ రేవు నుంచి ఓడల్ని ఉసుయోంగ్ వైపుకి మార్చాడు. మర్నాడు పొద్దున జపాను ఓడలు ప్రవాహంతో పాటు దూసుకొచ్చాయి. మధ్యాహ్నానికి నీరు తిరిగింది. ఆ ఇరుకులో వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఒకరి మీద ఒకరు పడ్డారు. జపాను వైపు 31 ఓడలు ధ్వంసమయ్యాయి. కొరియా వైపు ఒక్కటీ పోలేదు.

మేము విసుక్కుంటూ చూసిన ఆ కదలని నీళ్ళు, యుద్ధం మలుపు తిరిగిన వేళవి. అదీ అదే తిథిన. ఆ సంగతి మాకు చెప్పాల్సిన మనిషి వ్యాన్లో ఏసీ వేసుకుని కూర్చున్నాడు.

ఇంకో రెండు గంటలు ఉంటామని అడిగాం. కుదరదన్నాడు. బతిమాలితే గంటకి 50,000 వోన్ అదనం అన్నాడు. రెండున్నర గంటలు ఆలస్యంగా తీసుకొచ్చినవాడు మా దగ్గర గంటల లెక్క కట్టాడు. సరిగ్గా ఏడింటికి వచ్చి ఉంటే పొద్దున పదింటి ఉరవడి చూసేవాళ్ళం, అది వేరే బాధ. చివరికి మా ఆయనే, "నువ్వెళ్ళిపో" అని బ్యాగులు దింపేశారు. అప్పటిదాకా అందరికంటే ఎక్కువ చిరాకు పడింది ఆయనే, తండ్రి ముఖం చూశాక మాత్రం ఇంకేం ఆలోచించలేదు. ముందే కట్టిన డబ్బులో ఒక్క వోన్ వెనక్కి రాలేదు.

రెండయ్యేసరికి పాచి ముక్కలు జిందో పక్కగా జారడం మొదలైంది. రెండున్నరకి నీటి మీద మడతలు లేచాయి. మూడు దాటాక నేనెప్పుడూ చూడని దృశ్యం. సముద్రం నదిలా పారుతోంది, వరద గోదారిలా. సుడులు, సుడుల మధ్య ఉబ్బులు, అంచుల వెంట తెల్లటి నురగ. ఒక్కోచోట నీరు పక్క నీటి కంటే ఎత్తుగా కనిపించింది. పైగా చప్పుడు. ఉల్దోల్మోక్ అంటేనే ఏడ్చే రాళ్ళ ఇరుకని అర్థం. బాగా ఉరవడి ఉన్నప్పుడు ఇక్కడ ప్రవాహం పది నాట్ల పైన, అంటే గంటకి ఇరవై కిలోమీటర్ల దాకా వెళ్తుంది. "మా బోటు పూర్తి స్పీడుతో ఎదురెళ్ళినా ఎనక్కే పోద్ది" అన్నారు మావయ్యగారు. ఒడ్డు నుంచి నీటి మీదకి కట్టిన స్కైవాక్ ఉంది, అద్దాల నేల. నేను రెండడుగులు వేసి వచ్చేశాను. ఆయన చివరిదాకా వెళ్ళి అక్కడే నిలబడిపోయారు.

తర్వాత పక్కనున్న ప్రదర్శనశాలలోకి వెళ్ళాం. అక్కడ ఆయన్ని కదిలించింది పానోక్సన్ నమూనా, ఆనాటి కొరియా యుద్ధనౌక. అడుగు బల్లపరుపుగా ఉంటుంది, అందుకే ఉన్నచోటే గిర్రున తిరగగలదు. తెడ్లు వేసేవాళ్ళు కింద అంతస్తులో, ఫిరంగులు పైన. జపాను ఓడల అడుగు కోసుగా ఉండి వేగంగా పోతాయి కానీ చటుక్కున తిరగలేవు. వాళ్ళకి కావలసింది ఎదుటి ఓడ ఎక్కి కత్తితో పోరాడటం. కొరియా వాళ్ళకి కావలసింది వాళ్ళని దగ్గరికి రానీయకుండా ఫిరంగులతో కొట్టడం. తాబేలు ఓడలతో గెలిచారని చాలామంది అనుకుంటారు, మేమూ అలాగే అనుకుని వెళ్ళాం. ఈ యుద్ధంలో అవి లేవు, పానోక్సన్లే. మావయ్యగారు నమూనా చుట్టూ మూడుసార్లు తిరిగి, "మన ఏట్లో తిరిగే నావల అడుగు కూడా ఇట్టాగే ఉంటది" అన్నారు.

యీ సున్‌సిన్ రాసుకున్న యుద్ధకాలపు దినచర్య, నాన్‌జుంగ్ ఇల్గి, 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేరింది. మరిది అందులో ఆ రోజు సంగతి చదివి తెలుగులో చెప్పాడు. మొదట్లో ఆయన ఓడ ఒక్కటే ముందు నిలబడింది, మిగతావి వెనక్కి తగ్గాయి. ఆన్ వి అనే అధికారిని పిలిచి, సైనిక చట్టం చేతిలో చస్తావా, పారిపోతే ఎక్కడ బతుకుతావు అని గద్దించాకే అతని ఓడ కదిలింది. చివర్లో, ఇది నిజంగా దేవుడిచ్చిన అదృష్టం అని రాసుకున్నాడట. నీటికి అడ్డంగా ఇనప గొలుసు కట్టాడనే కథ ఇక్కడ అందరూ చెబుతారు, దినచర్యలో మాత్రం అది లేదు. మావయ్యగారూ నమ్మలేదు: "ఈ నీటికి గొలుసెందుకు?"

ఒడ్డు దిగువన, పోటు వస్తే పాదాలు తడిసేంత కిందుగా యీ సున్‌సిన్ విగ్రహం ఒకటుంది. కవచం లేదు, కత్తి లేదు, చేతిలో పటం పట్టుకుని నీళ్ళకేసి చూస్తుంటాడు. జిందో వైపున్న పెద్ద విగ్రహం కంటే నాకు ఇదే నచ్చింది. ఊళ్ళో 1688లో నిలిపిన విజయశిల కూడా చూడండి. 1942లో జపాను పాలకులు దాన్ని పెకలించి సియోల్ తరలిస్తే, స్వాతంత్ర్యం వచ్చాక ఈ ఊరివాళ్ళు వెతికి వెనక్కి తెచ్చుకున్నారు.

ఇక భోజనం. ఊళ్ళో ఒక చిన్న హోటల్. పెద్దామె ఒక్కతే వండి వడ్డిస్తోంది. కల్చి జోరిమ్ చెప్పాం, ఇద్దరి వంతు కంటే తక్కువ చెయ్యరు, రెండు పళ్ళేలు కలిపి 72,000 వోన్. మూత తీస్తే మన సావళ్ళు! వెండిరంగు చేప, అడుగున మందంగా కోసిన ముల్లంగి ముక్కలు, ఎర్రటి కారం పులుసు. చింతపండు లేదు, కాస్త తీపి తగిలింది. అయినా పులుసు ముల్లంగిలోకి ఇంకిన తీరు మా అత్తయ్యగారి చేతి వంటను గుర్తుచేసింది. మావయ్యగారు వారం రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నారు. ముల్లు తీసే నేర్పు చూసి ఆ పెద్దామె ఇంకో చేప ముక్క తెచ్చి ఆయన గిన్నెలో వేసింది. డబ్బులివ్వబోతే చెయ్యి ఊపేసింది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఆయన చేతులతో వల లాగడం చూపిస్తే ఆమె వంతెన వైపు చూపించి ఏదో చెప్పింది. వాళ్ళాయనా సముద్రం మీదకి వెళ్ళేవాడట, మరిది చెప్పాడు.

బస మాత్రం చేదు. రాత్రికి మళ్ళీ నీరు చూడాలని ఉండిపోయాం. మోటల్లో ఆన్‌లైన్‌లో గది 50,000 వోన్ చూపించింది, కౌంటర్లో 70,000 అన్నారు. రెండు గదులకి 1,40,000, అదీ నగదే, రసీదు ఇవ్వలేదు. గదిలో సిగరెట్ కంపు. నేల కింద వేడి పెట్టే ఏర్పాటు ఆపడం ఎవరికీ తెలియలేదు. కిటికీ తెరిస్తే దోమలు, మూస్తే ఉక్కపోత. తువ్వాళ్ళు మనిషికి ఒకటి కూడా లేవు. ఇంకొకటి అడిగితే అవతల టీవీ చూస్తున్న కుర్రాడు తల కూడా తిప్పలేదు. దీనికంటే పొద్దున్నే గ్వాంగ్జు నుంచి బస్సులో రావడం నయం. మర్నాడు మేము ఉసుయోంగ్ నుంచి హేనం, అక్కడి నుంచి గ్వాంగ్జు బస్సుల్లోనే వచ్చాం. నలుగురికి కలిపి 63,200 వోన్ అయింది. వ్యాన్‌కి పోసిన దానిలో ఆరో వంతు.

వెళ్ళేవాళ్ళు పున్నానికో అమావాస్యకో రెండు రోజులు అటూ ఇటూగా వెళ్ళండి. ఉల్దోల్మోక్ ప్రవాహ వేళలు ముందే ఆన్‌లైన్‌లో చూసుకోండి. నీరు నిలిచే వేళకి గంట ముందు చేరి, ఉరవడి వచ్చేదాకా కదలకండి. మూడు గంటలు కావాలి. తక్కువ టైముంటే అసలు వెళ్ళకండి. కేబుల్ కార్ ఉంది, మేము ఎక్కలేదు. అంత పైనుంచి చప్పుడు వినపడదని మావయ్యగారు వద్దన్నారు.

రాత్రి పదింటికి నలుగురం మళ్ళీ ఒడ్డుకి వెళ్ళాం. చలి బాగా ఉంది, మా ఆయన తన జాకెట్ తీసి తండ్రి భుజాల మీద కప్పారు. చందమామ వంతెన తీగల మీదకి వచ్చాడు. నీరు ఈసారి ఎదురు వైపుకి పరిగెడుతోంది, ఆ రోజు పొద్దున జపాను ఓడల్ని మోసుకొచ్చిన వైపుకి. చీకట్లో చప్పుడు పగటికంటే పెద్దగా ఉంది. మావయ్యగారు ఫోన్ తీసి కాకినాడలో ఉన్న తన పాత బోటు జతగాడికి కలిపారు. అక్కడ సాయంత్రం ఆరున్నర. ఏమీ మాట్లాడకుండా ఫోన్ని రెయిలింగ్ అవతలికి చాచి పట్టుకున్నారు. ఓ నిమిషం తర్వాత స్పీకర్లో గొంతు వినిపించింది.

"ఏ ఏరురా అది? గోదారా?"

"ఏరు కాదురా, సముద్రమే" అన్నారు మావయ్యగారు, మళ్ళీ ఫోన్ని నీళ్ళ వైపు చాపుతూ.