నెట్‌వర్క్ బ్లాక్ స్టోరేజ్ కొనేవారికి హెచ్చరిక: విండోస్‌లో కనిపించే టీబీలను చూసి డబ్బు కట్టకండి

డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు ఐస్కజీ పద్ధతిలో (నెట్‌వర్క్ మీదుగా డిస్కును అందించే పద్ధతి) నాస్ బాక్సును, అంటే నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టెను కలిపి, దాన్ని లోపలి హార్డ్ డిస్కులాగే వాడుకోవాలని చూస్తున్న వీడియో ఎడిటర్లు, ఫొటో స్టూడియోల వారు, చిన్న ఆఫీసుల వారు డబ్బు చెల్లించేలోగా ఇది చదవాలని కోరుతున్నాను. విజయవాడలోని మా పెళ్లి వీడియోల స్టూడియోకు ఒక దుకాణదారు "8 టీబీ సార్, పైగా ఒక డిస్కు పోయినా డేటా ఎక్కడికీ పోదు" అని చెప్పి అమ్మిన బాక్సులో నిజంగా ఉన్న చోటు అందులో సగమే.

బాక్సులో ఉన్నవి రెండు 4 టీబీ డిస్కులు. ఒకటి పోయినా డేటా నిలవాలంటే ఆ రెండింటినీ మిర్రర్‌గా, అంటే ఒకదానికి ఒకటి నకలుగా ఉండే రెయిడ్ 1 అమరికలో పెట్టాలి. అప్పుడు రెండిట్లోనూ అదే డేటా ఉంటుంది కనుక మనకు మిగిలేది 4 టీబీ, విండోస్ లెక్కలో సుమారు 3.63 టీబీ. అయినా బిగించి చూపించిన రోజున మా డెస్క్‌టాప్‌లో ఈ డ్రైవ్ 7.27 టీబీగా కనిపించింది. దీనికి కారణం థిన్ ప్రొవిజనింగ్ అనే సదుపాయం. షేర్డ్ ఫోల్డర్ అయితే ఫైళ్ల లెక్క బాక్సే చూసుకుంటుంది. బ్లాక్ స్టోరేజ్‌లో అలా కాదు: బాక్సు ఒక లన్‌ను (విండోస్‌కు ఒక విడి డిస్కులా కనిపించే భాగాన్ని) తయారుచేసి "నా పరిమాణం ఇంత" అని చెబుతుంది, విండోస్ ఆ మాటే ప్రమాణంగా తీసుకుని దాని మీద ఎన్‌టీఎఫ్‌ఎస్ (ఫైళ్లను అమర్చుకునే విండోస్ పద్ధతి) ఫార్మాట్ చేసుకుంటుంది. వెనుక అసలు డిస్కులు ఎంత ఉన్నాయో తనంతట తానుగా కొలిచి చూడదు. థిన్ లన్‌కు ఎంత పెద్ద అంకె వేసినా బాక్సు అప్పటికప్పుడు చోటు కేటాయించదు, డేటా రాసినప్పుడు మాత్రమే తీసుకుంటుంది. డేటా సెంటర్లలో ఇది రోజూ వాడే సదుపాయమే, కానీ అక్కడ పూల్ (డిస్కులన్నీ కలిపి ఏర్పడే అసలు చోటు) ఎంత నిండిందో కనిపెట్టి ఉండే మనుషులు, ముందస్తు హెచ్చరికలు ఉంటాయి. కొనుగోలుదారుకు చెప్పకుండా సగం చోటును రెట్టింపుగా చూపించడానికి దాన్ని వాడితే అది మోసమే.

దీని ఫలితం మొదటి రోజున కనబడదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒక పెళ్లి ఫుటేజీ కాపీ అవుతుండగా, విండోస్‌లో ఆ డ్రైవ్ సగం కూడా నిండనట్టు, ఇంకా మూడున్నర టీబీకి పైగా ఖాళీ ఉన్నట్టు నీలిగీత కనిపిస్తూనే, "డిలేడ్ రైట్ ఫెయిల్డ్" అనే సందేశం వచ్చి కాపీ ఆగిపోయింది. బ్రౌజర్‌లో బాక్సు అడ్మిన్ పేజీ తెరిస్తే వాల్యూమ్ నూటికి నూరు శాతం నిండిపోయిందని ఎర్రగా చూపుతోంది. పాత ప్రాజెక్టులు తొలగిస్తే విండోస్‌లో ఖాళీ పెరిగింది గానీ బాక్సులో ఒక్క గిగాబైట్ కూడా తగ్గలేదు, ఎందుకంటే తొలగించిన చోటును వెనక్కి ఇచ్చే అన్‌మ్యాప్ సదుపాయాన్ని ఆ లన్‌కు పెట్టనే లేదు. డిస్కు లోపాలను సరిచేసే విండోస్ సాధనం చెక్‌డిస్క్ నడిపాక కూడా మంగళస్నానాల క్లిప్పులు కొన్ని తెరుచుకోలేదు. మిగిలినవి కెమెరా కార్డుల్లో ఇంకా ఉండబట్టి దక్కాయి. ఆ కుటుంబానికి ఆ ఘట్టాన్ని మళ్లీ తీసి ఇవ్వగలిగేవారు ఎవరూ లేరు.

అందుచేత దుకాణంలోనే, డబ్బు చేతులు మారకముందే, బాక్సు అడ్మిన్ పేజీని మీ ఎదుట తెరిపించి స్టోరేజ్ పూల్ పరిమాణం, రెయిడ్ రకం, లన్ థిన్‌గా ఉందా థిక్‌గా (చోటంతా ముందే కేటాయించి) ఉందా అన్నవి చూడండి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వడానికి వెనుకాడే అమ్మకందారు దగ్గర కొనవద్దు. విండోస్‌లో డీఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్ తెరిస్తే మీడియా టైప్ కింద "థిన్ ప్రొవిజన్డ్ డ్రైవ్" అని కనిపించవచ్చు. అలా కనిపిస్తే వెంటనే ప్రశ్నించండి, కనిపించకపోతే మాత్రం నిశ్చింతగా ఉండకండి, ఎందుకంటే ఆ సంగతిని విండోస్‌కు తెలియజేయని బాక్సులూ ఉంటాయి. తిరిగి ఇచ్చే గడువు ఉండగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి ఉచిత ప్రోగ్రాముతో డ్రైవ్‌ను పూర్తిగా నింపి, రాసినదాన్ని తిరిగి చదివించడం అన్నిటికంటే గట్టి పరీక్ష. గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకు సుమారు 110 మెగాబైట్ల వేగంతో 8 టీబీ రాయడానికే ఇరవై గంటలు పడుతుంది, చదవడానికి దాదాపు మరో అంత. అయినా ఆ సమయం వెచ్చించదగినదే.

అదే దుకాణంలో చెప్పిన మరో మాట ఇంకా ప్రమాదకరమైనది: ఒకే లన్‌ను రెండు డెస్క్‌టాప్‌లకు కలిపి ఇద్దరు ఎడిటర్లు ఒకేసారి పనిచేసుకోవచ్చని. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఒక సమయంలో ఒకే కంప్యూటర్ తన మీద రాస్తుందనే నమ్మకంతో పనిచేస్తుంది. రెండు విండోస్ యంత్రాలు ఒకదానికి తెలియకుండా ఒకటి రాస్తే ఫైళ్ల పట్టికే చెడిపోతుంది, దానికి మిర్రర్ కూడా రక్షణ కాదు, ఎందుకంటే చెడిన పట్టికే రెండు డిస్కుల్లోనూ పడుతుంది. ఇద్దరు పంచుకోవాలంటే షేర్డ్ ఫోల్డర్ పెట్టించుకోండి, లేదా ఒక్కొక్కరికి వేరు వేరు లన్ ఇప్పించుకోండి. రెండు నెట్‌వర్క్ పోర్టులు ఉన్నాయి కనుక వేగం రెట్టింపు అవుతుందన్న మాటనూ నమ్మకండి. పోర్టులను జతకట్టినా ఒక టీసీపీ కనెక్షన్ (కంప్యూటర్‌కూ బాక్సుకూ మధ్య ఒక డేటా ప్రవాహం) ఒక తీగ మీదుగానే వెళ్తుంది, డేటాను రెండు తీగల మీదుగా పంచి పంపే మైక్రోసాఫ్ట్ మల్టీపాత్ సదుపాయం విండోస్ సర్వర్‌కే గానీ విండోస్ 10, 11 డెస్క్‌టాప్‌లకు లేదు.

అడిగినప్పుడు దుకాణదారు ఇచ్చిన జవాబు "విండోస్‌లో చూపించాం కదా సార్" అన్నదొక్కటే. బిల్లు మీద మాత్రం "8 టీబీ, రెయిడ్ 1" అని స్పష్టంగా ఉంది. మేము ఆ బిల్లును, అడ్మిన్ పేజీ స్క్రీన్‌షాట్లను జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే చోటే, కారణం ఏర్పడిన రెండేళ్లలోపు, ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. మీరు కొనేటప్పుడు బిల్లులో డిస్కుల సంఖ్య, ఒక్కొక్కదాని పరిమాణం, రెయిడ్ రకం, వాడుకోదగిన చోటు విడివిడిగా రాయించుకోండి, ఇప్పటికే కొన్నవారు ఇవాళే అడ్మిన్ పేజీ తెరిచి పూల్ పరిమాణాన్ని విండోస్ చూపే అంకెతో పోల్చి చూసుకోండి.