కాస్తెల్‌దెఫెల్స్‌లో ఇల్లు: సముద్రం వైపు కొనాలా, స్టేషన్ వైపు కొనాలా?

బార్సిలోనాకు నైరుతి దిక్కున సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, గర్రాఫ్ కొండలకూ మధ్యధరా సముద్రానికీ నడుమ ఉన్న పట్టణం కాస్తెల్‌దెఫెల్స్. జనాభా 70 వేలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. బార్సిలోనాలో ఉద్యోగం చేసుకుంటూ, పిల్లలు పెరిగేకొద్దీ నగరం నడిబొడ్డున ఉన్న రెండు గదుల ఫ్లాట్ చాలక శివార్ల వైపు చూసే మన కుటుంబాలకు ఈ ఊరి పేరు తప్పకుండా వినబడుతుంది. ఇక్కడ మొదట అద్దెకు ఉండి, ఆ తరువాత కొనుగోలు వ్యవహారం స్వయంగా నడిపించుకున్నవాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను. ఊరి మీద నా అభిప్రాయం మంచిదే. అయితే అమ్మకం ప్రకటనల్లో కనిపించే కాస్తెల్‌దెఫెల్స్ వేరు, జనవరి నెలలో ఒక మంగళవారం సాయంత్రం బతకవలసిన కాస్తెల్‌దెఫెల్స్ వేరు. కొనేవాళ్ళు ఈ రెండో ఊరిని చూసి కొనాలని నా ఉద్దేశం.

ప్రకటనల్లో మొదట కనిపించేది దాదాపు 5 కిలోమీటర్ల ఇసుక తీరం. ఆ తీరం వెంబడి లా పినేదా, ల్యుమినేతెస్ వంటి పేటలున్నాయి. పైన్ చెట్ల నీడలో తక్కువ ఎత్తు భవనాలు, తోటలున్న ఇళ్ళు, కొన్ని సముదాయాల్లో ఉమ్మడి ఈత కొలనులు చూడగానే మనసు లాగుతుంది. పడమటి వైపు కొండవాలు మీద ఉన్న బెల్లామార్ ఖరీదైన పేట. బార్సిలోనా జట్టుకు ఆడిన రోజుల్లో మెస్సీ నివాసం అక్కడే. మధ్యయుగపు కోట, పురపాలక కార్యాలయం, దుకాణాలు ఉన్న పాత కేంద్రం మాత్రం రైలు పట్టాలకు లోపలి వైపున ఉంది. ఈ రెండు భాగాల నడుమ రైలు మార్గమూ, సి-31 రహదారీ అడ్డంగా సాగిపోతాయి. దుర్భిణీ పెట్టి వెతికినా ప్రకటనల్లో కనబడని ఈ అడ్డుగీతే, మీరు రోజూ కారు తీయాలో లేక నడిచి వెళ్ళాలో నిర్ణయిస్తుంది.

తీరపు పేటల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక ఊరు, మిగతా నెలల్లో మరో ఊరు ఉంటుంది. వేసవి శని, ఆదివారాల్లో బార్సిలోనా సగం ఇక్కడికే తరలివచ్చినట్టుంటుంది; కారు నిలిపే చోటు దొరకదు, తీరపు హోటళ్ళలో అర్ధరాత్రి దాకా సందడి తగ్గదు. చలికాలం పనిదినాల్లో అవే వీధుల్లో సగం కిటికీలకు తెరలు దించి ఉంటాయి, చాలా హోటళ్ళు మూసి ఉంటాయి, పాలకో పెరుగుకో కూడా పట్టాలు దాటి వెళ్ళవలసి వస్తుంది. ప్రశాంతత కోరుకునేవారికి ఇది వరమే కావచ్చు. చిన్నపిల్లలున్న కుటుంబానికి, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చి కొన్ని నెలలు ఉండే తల్లిదండ్రులకు, నడిచి వెళ్ళేంత దూరంలో మార్కెట్టూ, మందుల దుకాణమూ, నాలుగు బెంచీలున్న కూడలీ ఉండడం సముద్రం కంటే ఎక్కువ అక్కరకు వస్తుంది. పాత కేంద్రంలోనూ, దానికి ఆనుకున్న కాన్ బౌ, విస్తా అలెగ్రె పేటల్లోనూ ఏడాది పొడవునా ఆ సదుపాయం ఉంది. అయితే విస్తా అలెగ్రెలో ఎక్కుడు వీధులు ఎక్కువ కనుక మోకాళ్ళ నొప్పులున్నవారు ఒకసారి నడిచి చూసుకోవాలి.

రవాణా విషయంలో ఈ ఊరికి ఎక్కువ మార్కులే వేస్తాను. కాస్తెల్‌దెఫెల్స్, ప్లాజా దె కాస్తెల్‌దెఫెల్స్ అనే రెండు స్టేషన్లలో ఆర్2 సూద్ లోకల్ రైళ్ళు ఆగుతాయి. బార్సిలోనాలోని సాంట్స్ స్టేషన్‌కు 20 నిమిషాలు, నగరం నడిబొడ్డున ఉన్న పసేజ్ దె గ్రాసియా స్టేషన్‌కు 25 నిమిషాలు పడుతుంది. పట్టణం బార్సిలోనా మహానగర ప్రాంతంలోని 36 పురపాలికల్లో ఒకటి. 2019 నుంచి ఈ 36 పురపాలికల మధ్య ప్రయాణానికి ఒకే జోన్ చార్జీ వర్తిస్తుంది. అందువల్ల నగరం బయట ఉన్నా నెల పాస్ ఖర్చు నగరవాసులకు అయినంతే అవుతుంది. విమానాశ్రయం సుమారు 10 కిలోమీటర్ల దూరంలోనే ఉంది, అక్కడికి నేరుగా బస్సు వెళుతుంది. లోపం ఒకటుంది. ఈ రైలు మార్గం మీదే ప్రాంతీయ రైళ్ళు కూడా నడుస్తాయి కనుక ఎక్కడో ఒక చోట సిగ్నల్ పాడైతే ఆ ప్రభావం ఉదయం వేళ మొత్తం మార్గం మీద పడుతుంది. ఆఫీసుకు కచ్చితమైన సమయానికి చేరవలసినవారు ఒక రైలు ముందుగా బయలుదేరే అలవాటు చేసుకోవలసిందే. రైలు ఆగిపోయిన రోజున బార్సిలోనాకు బస్సులున్నాయి గాని, రద్దీ వేళ రహదారి మీద వాటి గతి కూడా అంతంత మాత్రమే.

విమానాశ్రయం దగ్గర ఉండడమంటే దాని చప్పుడు కూడా దగ్గరే ఉంటుంది. 2004లో మూడో రన్‌వే ప్రారంభమైన తరువాత పొరుగు పట్టణం గవా, కాస్తెల్‌దెఫెల్స్ తీరవాసులు గట్టిగా నిరసన తెలిపారు. దాంతో టేకాఫ్‌లకూ ల్యాండింగ్‌లకూ వేర్వేరు రన్‌వేలు వాడుతూ, పైకి లేచిన విమానాలను సముద్రం మీదికి తిప్పే పద్ధతి 2006 నుంచి అమలులోకి వచ్చింది. పరిస్థితి చాలా మెరుగైంది, కాని గాలి దిశ మారినప్పుడు రన్‌వేల వాడకం కూడా మారుతుంది. ఇల్లు చూసిన రోజున నిశ్శబ్దంగా ఉందని ఒప్పందం చేసుకోకుండా, వేర్వేరు రోజుల్లో, వీలైతే తెల్లవారుజామున కూడా, ముఖ్యంగా గవా సరిహద్దు వైపు పేటల్లో నిలబడి వినాలి. సముద్రం వైపున్న రన్‌వేను 500 మీటర్లు పొడిగించే ప్రతిపాదనను బార్సిలోనా ఉన్న కతలోనియా ప్రాంతపు ప్రభుత్వం 2025లో ముందుకు తెచ్చిందన్న విషయం కూడా గుర్తుంచుకోవాలి.

ఇక భవనాల సంగతి. ఇక్కడ అమ్మకానికి వచ్చే ఫ్లాట్లలో చాలా వరకు 1960, 70 దశకాలవి. ఆ కాలంలో కతలోనియాలో అల్యూమినా ఎక్కువగా ఉన్న సిమెంటుతో దూలాలు పోసేవారు. తేమ తగిలితే ఏళ్ళు గడిచేకొద్దీ అవి బలహీనపడతాయి. 1990లో బార్సిలోనాలోని తురో దె లా పెయిరా పేటలో ఒక భవనం కూలడంతో ఈ సమస్య దేశమంతటికీ తెలిసింది. సముద్రపు తేమ ఉన్న ఊళ్ళో ఈ ప్రశ్న వేయకుండా కొనకూడదు. 45 ఏళ్ళు దాటిన భవనాలకు సాంకేతిక తనిఖీ తప్పనిసరి కనుక ఆ నివేదిక అడిగి తీసుకుని, అందులో లోపాలు రాసి ఉంటే మరమ్మతుకు యజమానుల సంఘం ఎంత వసూలు చేయబోతోందో ముందే తెలుసుకోవాలి. మా వ్యవహారంలో పేరు చెప్పనవసరం లేని ఒక మధ్యవర్తి ఆ నివేదికను చివరి దాకా దాటవేస్తూ వచ్చాడు. సంఘం సమావేశాల మినిట్స్ అడిగాక గాని పైకప్పు మరమ్మతు సంగతి బయటపడలేదు. పాత సంఘ బకాయిల్లో కొన్నేళ్ళవి ఫ్లాటుతో పాటే కొన్నవారికి సంక్రమిస్తాయి కాబట్టి, బకాయిల్లేవన్న ధ్రువపత్రం చేతిలో పడ్డాకే సంతకం పెట్టాలి.

మన దగ్గర ఇ.సి. తీసినట్టే ఇక్కడ ఆస్తి రిజిస్ట్రీ నుంచి ‘నోతా సింప్లే’ తీస్తారు. సుమారు 10 యూరోలకు యజమాని ఎవరో, తాకట్టు ఉందో లేదో, కోర్టు జప్తు ఉందో తెలిసిపోతుంది. బిల్టప్ ఏరియాకూ కార్పెట్ ఏరియాకూ ఉన్న తేడా ఇక్కడా ఉంది. ప్రకటనలో కనిపించే చదరపు మీటర్లు చాలాసార్లు గోడలతో కలిపి చెప్పినవే. నివాసయోగ్యతా పత్రం లేకపోతే నీటి, కరెంటు కనెక్షన్లకు ఇబ్బంది వస్తుంది. బేరం కుదిరాక ‘అర్రాస్’ ఒప్పందం రాసుకుని, సాధారణంగా ధరలో 10 శాతం బయానా ఇస్తారు. ఒప్పందం వెనక్కి తగ్గే హక్కు ఇచ్చే రకానిదైతే, కొనేవారు వెనక్కి తగ్గితే బయానా పోతుంది, అమ్మేవారు తగ్గితే రెట్టింపు ఇవ్వాలి. బ్యాంకు రుణం మంజూరు కాకపోతే బయానా తిరిగి రావాలన్న షరతు అందులో రాయించుకోవడం నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త. నోటరీని ఎంచుకునే హక్కు కొనేవారిదే. రుణం తీసుకుంటే, సంతకానికి ముందు కనీసం 10 రోజుల వ్యవధి ఇచ్చి, నోటరీ ఉచితంగా షరతులు వివరించాలని 2019 నాటి రుణ చట్టం చెబుతోంది. ఆ సమావేశానికి స్పానిష్ బాగా వచ్చిన స్నేహితుణ్ణి వెంట తీసుకువెళ్ళడం మంచిది.

ఖర్చు విషయంలో ధర ఒక్కటే చూసుకుంటే దెబ్బతింటారు. పాత ఇల్లు కొంటే కతలోనియాలో 6 లక్షల యూరోల వరకు 10 శాతం బదిలీ పన్ను, ఆపైన మొత్తానికి శ్లాబుల వారీగా 13 శాతం దాకా పన్ను ఉంటుంది. అంటే 4 లక్షల యూరోల ఫ్లాటుకు పన్నే 40 వేలు. నోటరీ, రిజిస్ట్రీ, ఇంటి విలువ మదింపు ఖర్చులు దానిపైన. స్పెయిన్‌లో పన్ను నివాసం లేనివారికి బ్యాంకులు సాధారణంగా ధరలో 60, 70 శాతానికి మించి రుణం ఇవ్వవు. ఇల్లు కొంటే నివాస అనుమతి వస్తుందన్న మాటను ఇంకా ఎవరైనా చెబితే నమ్మవద్దు. 5 లక్షల యూరోల పెట్టుబడికి ఇచ్చే ఆ వీసాను 2025 ఏప్రిల్ 3 నుంచి రద్దు చేశారు. ఇండియాలో ఉంటున్న తల్లిదండ్రులు సాయంగా డబ్బు పంపాలంటే ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల పరిమితి ఉందనీ, ఆస్తి వారి పేరున కూడా ఉంటే తమ ఆదాయపు పన్ను రిటర్నులో దాన్ని విదేశీ ఆస్తిగా చూపించవలసి ఉంటుందనీ ముందుగా చెప్పాలి.

పిల్లల చదువు విషయంలో ప్రభుత్వ బడుల్లో ప్రధాన బోధనా భాష కతలోనియా ప్రాంతీయ భాష అయిన కాతలాన్. మాధ్యమం గురించి మన రాష్ట్రాల్లో దశాబ్దాలుగా వాదించుకుంటున్నవాళ్ళం కనుక ఈ సంగతి మనకు వింతగా అనిపించకూడదు. చిన్న వయసులో చేరిన పిల్లలు త్వరగానే అందుకుంటారు, పదేళ్ళు దాటి వచ్చినవారికి మొదటి ఏడాది కష్టమే. పట్టణంలో ఆంగ్ల మాధ్యమపు అంతర్జాతీయ పాఠశాల కూడా ఉంది గాని ఫీజులు భారీగా ఉంటాయి. వైద్యానికి పట్టణంలో ఆరోగ్య కేంద్రాలున్నాయి, పెద్ద అవసరాలకు దగ్గర్లో ఉన్న విలాదెకాన్స్ ఆసుపత్రికి వెళ్ళాలి. కందిపప్పు, చింతపండు వంటి సరుకులకు బార్సిలోనాలోని రవాల్ పేటకు వెళ్ళి నెలకు సరిపడా తెచ్చుకోవడం ఉత్తమం. వంటగది కిటికీ భవనం లోపలి వెలుతురు బావి వైపు తెరుచుకునే ఫ్లాటు కొంటే మీ ఇంగువ పోపు పై అంతస్తుల ఆరేసిన బట్టలన్నిటికీ చేరుతుందని కూడా మనవి.

వేసవిలో పర్యాటకులకు అద్దెకిచ్చి వాయిదాలు కట్టుకుందామన్న ఆలోచనతో తీరంలో కొనేవారు ఆ లెక్కను మళ్ళీ వేసుకోవాలి. పర్యాటక అద్దెకు అనుమతి కావాలి. పర్యాటకులను వదిలి మామూలు అద్దెకు ఇద్దామన్నా, 2024 మార్చి నుంచి ఈ పట్టణం అద్దెల నియంత్రణ ఉన్న ప్రాంతాల జాబితాలో ఉంది కాబట్టి మీరు అనుకున్న అద్దె అడగడం కుదరకపోవచ్చు. ఉండడానికి కొనేవారైతే కేంద్రంలో స్టేషన్‌కు పది నిమిషాల నడక దూరంలో, దక్షిణపు ఎండ పడే, లిఫ్టు ఉన్న ఫ్లాటును వెతకమని చెబుతాను. అక్కడి నుంచి సముద్రానికి సైకిల్ మీద వెళ్ళవచ్చు.