అమలాపురంలో కొన్న ఏటికొప్పాక బొమ్మలు: ఏ వయసుకు ఏవి?

అమలాపురంలోని ఒక హస్తకళల దుకాణంలో మా పిల్లలిద్దరి కోసం ఏటికొప్పాక లక్కబొమ్మలు తీసుకున్నాము. అంకుడు కర్రతో చేసి, లక్క రంగులు అద్దే ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.

చేతికందినదల్లా నోట్లో పెట్టుకునే చంటిదానికి గిలక్కాయ బాగా నచ్చింది; దానికి పదునైన అంచులు లేవు, రంగూ ఊడలేదు. ఒకదానిపై ఒకటి పేర్చే చక్రాలను అది ప్రస్తుతానికి లాగి పడేస్తోంది. పేర్చడం తర్వాతి దశ కనుక, వరుస నేర్పాలని తొందరపడనక్కరలేదు.

అసలు విలువ లక్కపిడతలది. మూడేళ్లు నిండిన పెద్దవాడు, పక్కింటి పాప కాలువగట్టు ఇసుకతో మొదట పక్కపక్కనే కూర్చుని ఎవరి వంట వారు చేసుకున్నారు. పిల్లల ఆటలను గమనించిన పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో ప్రచురించిన పరిశీలనలో వర్ణించిన సమాంతర ఆట ఇదే. ఈ దశలో పంచుకోమని బలవంతపెట్టడం కంటే రెండు సెట్లు కొనడమే మేలు, ఖర్చు ఎక్కువైనా సరే. ఇప్పుడిప్పుడే ఒకరు వండితే మరొకరు వడ్డిస్తున్నారు.

లోపం దుకాణానిదే: గోళీలంత చిన్న మూతలున్న పిడతలను, గిలక్కాయలను వయసు సూచన లేకుండా ఒకే బుట్టలో ఉంచారు. మూడేళ్లలోపు పిల్లలకు ఆ మూతలు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. కోనసీమ వానాకాలపు చెమ్మలో వీటిని కడగకుండా పొడిగుడ్డతో తుడవాలి.