సీతమ్మధారలో యోగా థెరపీ: నడుమునొప్పి, బీపీ ఉన్న ఒక టీచర్ రివ్యూ

నడుమునొప్పికి యోగా మంచిదని విని ఏదో ఒక బ్యాచ్‌లో చేరి, నొప్పి ఇంకాస్త పెరిగి మానేసినవాళ్ళు మన వైజాగ్‌లో చాలామందే ఉంటారు, ముఖ్యంగా వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. సీతమ్మధారలో ఒక మేడమ్ తన ఇంటి మేడ మీద గదిలో యోగా థెరపీ ఇస్తారు, ఒక సమయానికి ఒక్కరికే. బోర్డు లేదు, ఆవిడ కాపురముండే ఇల్లు కాబట్టి పేరు, అడ్రసు ఇక్కడ పెట్టడం లేదు. నేను హైస్కూల్ టీచర్ని, రోజంతా నిలబడే పని, వెన్నెముకలో నడుము దగ్గర, ఎల్4-ఎల్5 అనే ఎముకల మధ్య డిస్క్ కాస్త బయటికి ఉబ్బింది, బీపీకి మాత్ర వేసుకుంటాను. నాకు ఇది బాగా పనికొచ్చింది. అందరికీ అవసరమా అంటే కాదు, అదీ చెప్తాను.

మొదటి రోజు ఆసనాలేమీ వేయించరు. గంటకు పైగా అడగడం, చూడడం, అంతే. ఎంఆర్ఐ రిపోర్టు, మందుల చీటీ చూశారు, బీపీ చూశారు. క్లాసులు ఏ అంతస్తులో, బ్యాగు ఏ భుజానికి తగిలించుకుంటారు, రాత్రి ఏ పక్కకు తిరిగి పడుకుంటారు, పొద్దున లేవగానే పట్టేస్తుందా లేక సాయంత్రానికి పెరుగుతుందా, కాలు తిమ్మిరెక్కుతుందా, పాదంలో పట్టు తగ్గిందా, ఇలా ఒకటి తర్వాత ఒకటి. తిమ్మిరి ఎక్కువవుతున్నా, పాదం పట్టు తగ్గినా ముందు డాక్టర్ దగ్గరికే పంపిస్తానని, యోగా ఆ తర్వాతేనని చెప్పారు. ఆ మాటతో నాకు సగం నమ్మకం కుదిరింది.

తర్వాత స్టూలు మీద కూర్చోబెట్టి, ఊపిరి తీసుకుంటూ రెండు చేతులూ మెల్లగా పైకెత్తమన్నారు. చేతులు భుజాల ఎత్తుకి వచ్చేసరికే నా ఊపిరి నిండిపోయింది, అక్కణ్ణించి బిగబట్టి ఎత్తేశాను. ఎప్పుడూ అలాగే చేస్తానట, బరువు ఎత్తినా, బోర్డు మీద పైన రాయడానికి చెయ్యి చాచినా. ఆవిడ పక్కనే నిలబడి నా పక్కటెముకలను చూస్తూ, "మీరు ఏ పనికైనా ఊపిరి బిగబడతారమ్మా, నడుము దాంతోపాటే బిగుసుకుంటోంది" అన్నారు. ఇన్నాళ్ళలో ఇంతమంది దగ్గరికి వెళ్ళాను, ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంటికి పంపేటప్పుడు ఒక తెల్లకాగితం ఇచ్చారు. దాని మీద చేత్తో గీసిన గీతల బొమ్మలు, పక్కన బాణం గుర్తులు, ఏ కదలికకు ఊపిరి తీసుకోవాలి, ఏ కదలికకు వదలాలి, ఎన్నిసార్లు. వెల్లకిలా పడుకుని, ఊపిరి వదులుతూ మోకాళ్ళు పొట్ట మీదికి తెచ్చుకునే అపానాసనం, పాదాలు నేలకు ఆనించి నడుము మెల్లగా ఎత్తే ద్విపాదపీఠం, చేతులు, మోకాళ్ళ మీద ఉండి వెనక్కి మడమల వైపు వాలే చక్రవాకాసనం, ఒక్కోటి 6 సార్లు. భంగిమలో ఆగి ఉండక్కర్లేదు, ఊపిరితో పాటు వెళ్ళి రావడమే. చివర్లో కూర్చుని 4 అంకెలు లెక్కపెడుతూ లోపలికి, 6 అంకెలు లెక్కపెడుతూ బయటికి. బీపీ ఉంది కాబట్టి కుంభకం (ఊపిరి బిగబట్టడం) వద్దు, కపాలభాతి (ఊపిరిని వేగంగా, బలంగా బయటికి కొట్టడం) వద్దు, శీర్షాసనం జోలికి అసలే వద్దని కింద ఎర్ర పెన్నుతో రాశారు. అంతా కలిపి 20 నిమిషాల పని.

దీనికి ముందు నేను వెళ్ళిన ఒక బ్యాచ్ సంగతి కూడా చెప్పాలి. చేరేటప్పుడు ఫారంలో డిస్క్ సమస్య ఉందని స్పష్టంగా రాశాను. అది ఎవరూ చదవలేదు. పశ్చిమోత్తానాసనంలో నేను సగం వరకే వంగితే మాస్టారు వెనకనుంచి వచ్చి వీపు మీద చెయ్యి వేసి నొక్కారు. నాలాంటి డిస్క్ ఉన్న చాలామందికి, కాళ్ళు చాపుకుని ముందుకు వంగడమే నొప్పి పెంచే కదలిక. ఆ రాత్రి మంచం మీద పక్కకు తిరగలేకపోయాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది, ఎందుకంటే ఫారం చదవడానికి ఒక్క నిమిషం చాలు.

అలాగని నలుగురితో కలిసి చేసే యోగా చెడ్డదనడం లేదు. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ప్రభుత్వం పెట్టిన యోగాంధ్ర కార్యక్రమంలో మన ఆర్కే బీచ్‌లో 3 లక్షల మందికి పైగా కలిసి చేసినప్పుడు నేనూ ఉన్నాను, ఆ తెల్లవారుజాము ఎంత బాగుందో. కాకపోతే అక్కడ అందరికీ 45 నిమిషాల ఒకే పద్ధతి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు అది హాయి. ఒంట్లో ఫలానా చోట ఫలానా ఇబ్బంది ఉన్నవాళ్ళకు వేరే లెక్క.

మేడమ్ నేర్చుకున్నది చెన్నైలో, దేశికాచార్ గారి పరంపరలో. ఆయన తండ్రి కృష్ణమాచార్య 1930లలో మైసూరు ప్యాలెస్ యోగశాలలో కుర్రాళ్ళకు గట్టి ఆసనాలు నేర్పినాయన, ప్రపంచమంతా పేరున్న యోగా గురువులు బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్ ఆయన శిష్యులే. తర్వాత మద్రాసుకు వచ్చాక, ఒంట్లో బాగోలేక తన దగ్గరికి వచ్చేవాళ్ళకు ఎవరికి తగ్గట్టు వాళ్ళకు ఒక్కొక్కరికే నేర్పేవారు. ఇంజినీరింగ్ చదివిన దేశికాచార్ ఆ పద్ధతినే పట్టుకుని 1976లో కృష్ణమాచార్య యోగ మందిరం పెట్టారు. మనిషిని బట్టి ఆసనం మారాలి గానీ ఆసనం కోసం మనిషిని వంచకూడదన్నది వీళ్ళ పట్టుదల, నేను డబ్బు కట్టింది దానికే. అపానాసనం ఎలా వేయాలో యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతుంది, నాకు ఈ వారం అది వేయాలో మానాలో యూట్యూబ్ చెప్పదు.

పదో తరగతికి స్పెషల్ క్లాసులు మొదలయ్యాక నేను 20 నిమిషాలు కూడా కూర్చోలేకపోతున్నానంటే ఆవిడ విసుక్కోలేదు. ఆ కాగితం పక్కన పెట్టి ఇంకోటి రాసిచ్చారు: స్టాఫ్‌రూమ్‌లో టేబుల్ అంచు పట్టుకుని, మోకాళ్ళు కాస్త వంచి, ఊపిరి వదులుతూ వెనక్కి జరగడం, పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య 2 నిమిషాలు. నిజానికి నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపకారం చేసింది ఇదే. సాయంత్రం బండి స్టాండ్ వేసేటప్పుడు చురుక్కుమనే నొప్పి కొన్ని వారాల్లోనే తగ్గుముఖం పట్టింది.

మా అత్తగారు నన్ను చూసి తనూ వస్తానన్నారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, షుగర్, కిందికి కూర్చుంటే లేవలేరు. అదే గది, అదే మేడమ్, ఆవిడ కాగితంలో నా కాగితంలో ఉన్న ఒక్క బొమ్మ కూడా లేదు. అంతా కుర్చీలోనే. అంకెలు లెక్కపెట్టడం ఆవిడకు చిరాకు, అందుకని రోజూ చదువుకునే స్తోత్రంలో ఒక్కో పాదం ఒక్కో నిశ్వాసంలో పూర్తయ్యేట్టు నెమ్మదిగా చదవమన్నారు. శ్వాస దానంతటదే పొడుగైంది. "ఇది నేను ఎలాగూ చేసేదే కదే" అని ఇప్పుడు ఒక్కపూట కూడా మానరు.

ఇక ఇబ్బందులు. స్లాట్ దొరకడం కష్టం, పొద్దునా సాయంత్రమే చూస్తారు, సెలవు రోజుల్లో ఖాళీ ఉండదు. మొదటిసారికి ₹1,500, తర్వాత వెళ్ళినప్పుడల్లా ₹700, బ్యాచ్‌తో పోలిస్తే ఎక్కువే. ఆన్‌లైన్‌లో కూడా చెప్తారు గానీ నాకు నచ్చలేదు, ఫోన్ పక్కనుంచి పెట్టినా నడుము కదలిక ఆవిడకు సరిగా కనిపించదు, సిగ్నల్ పోయినప్పుడల్లా శ్వాస లెక్క తప్పుతుంది. చెమట పట్టాలి, బరువు తగ్గాలి అనుకునేవాళ్ళు వెళ్ళకండి, మీకు జిమ్మో మంచి బ్యాచో చాలు. ఇంట్లో రోజూ చేయనివాళ్ళకు కూడా డబ్బు దండగే, ఆవిడ మన తరఫున ఊపిరి పీల్చలేరు కదా.

నొప్పి పూర్తిగా పోయిందా అంటే లేదు. శ్రీకాకుళం మా పుట్టింటికి బస్సులో వెళ్తే దిగేసరికి ఇంకా పట్టేస్తుంది. బీపీ మాత్ర అలాగే వేసుకుంటున్నాను, మాత్ర మానేయమని మేడమ్ ఒక్కసారి కూడా అనలేదు, ఎవరైనా అంటే అక్కణ్ణించి వచ్చేయండి. మా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి కాగితం చూపిస్తే కొనసాగించమన్నారు. 2017లో అమెరికాలోని డాక్టర్ల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కూడా దీర్ఘకాలిక నడుమునొప్పికి మందులకంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో యోగాను చేర్చింది.

సీతమ్మధార దూరమైనవాళ్ళు మీ దగ్గర్లో వెతుక్కునేటప్పుడు ఏం చదివారో మొహమాటపడకుండా అడగండి. బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా చదువు) అయితే ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళ డిగ్రీ. ఆయుష్ శాఖ కింద ఉన్న యోగా సర్టిఫికేషన్ బోర్డు టీచర్లకు వేరుగా, థెరపిస్టులకు వేరుగా సర్టిఫికెట్లు ఇస్తుంది, ఏది ఉందో చూడండి. వెళ్ళేటప్పుడు రిపోర్టులు, వేసుకునే మందుల చీటీ పట్టుకెళ్ళండి, భోజనం చేసి కనీసం 3 గంటలు అయ్యుండాలి, చీర కంటే చుడీదార్ అయితే సుఖం.