ఆదివారం వాగ్గేయకారుల క్లాసు: చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి

ముందే చెప్పాలి, ఇది పాట నేర్పే క్లాసు కాదు. సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలు కూడా ఉండవు. పన్నెండు ఆదివారాలు, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా, విజయవాడ నుంచి ఒక రిటైర్డ్ వీణ టీచరుగారు జూమ్‌లో వాగ్గేయకారుల, అంటే పాట రాసి దాని వరస కూడా తామే కట్టినవారి, జీవితాలు చెబుతారు. మధ్యమధ్య పాడతారు, ఒక్కోసారి వీణ మీద వినిపిస్తారు. ఫీజు ఇంటికి రెండు వేల ఐదు వందలు, ఇంట్లో ఎంతమంది కూర్చున్నా అంతే. మా ఇంట్లో నేను, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, మా అత్తయ్య కూర్చున్నాం. మళ్లీ ఇదే ఫీజు కట్టి మొదటి నుంచి వినమన్నా వింటాను.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఎవరు ఏం చెప్పినా ఆధారం ఏమిటని అడగడం అలవాటు. త్యాగరాజస్వామి గురించి నాకు తెలిసిందల్లా హరికథల్లోనూ సినిమాల్లోనూ విన్నదే. అన్నగారు విగ్రహాన్ని కావేరిలో పడేయడం, తంజావూరు రాజు పిలుపును ఆయన కాదనడం, ఇలాంటివి. ఈ టీచరుగారు ఒక్కో ఘట్టం దగ్గర ఆగి, ఇది మనదాకా ఎవరి ద్వారా వచ్చింది అని అడుగుతారు. తిరువారూరులో 1767లో పుట్టారు, తిరువయ్యారులో జీవించారు, శొంఠి వెంకటరమణయ్యగారి దగ్గర నేర్చుకున్నారు, 1847లో పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందారు. వీటి దగ్గర ఎక్కువసేపు ఆగరు. శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్, ఆ భాగవతార్ కొడుకు రాసిపెట్టిన సంగతులు వచ్చేసరికి మాత్రం నెమ్మదిస్తారు. వాలాజాపేట రాతప్రతులు మదురై సౌరాష్ట్ర సభకు చేరాయని, కృతుల పాఠాంతరాలు పోల్చి చూసేవాళ్లకు ఇప్పటికీ అవే పెద్ద ఆసరా అని చెప్పారు. ఆ తర్వాత జనం నోట పెరిగిన కథలు. వాటినీ చెబుతారు, కాకపోతే కథ అని చెప్పి మరీ చెబుతారు.

విగ్రహం కథ దగ్గర మా అత్తయ్య ఊరుకోలేదు. మైక్ ఆన్ చేయించుకుని, "చిన్నప్పటి నుంచీ వింటున్నాం కదమ్మా, అదీ అబద్ధమేనా?" అని అడిగారు. టీచరుగారు, "అబద్ధమని నేననడం లేదండీ అమ్మగారూ. ముందుగా ఎవరు చెప్పారో వెతుకుదాం అంటున్నాను, అంతే," అన్నారు. ఆ వారం నుంచి మా అత్తయ్య ఐదున్నరకే దీపం పెట్టేసి ఫోన్ ముందు కూర్చునేవారు.

అన్నమయ్య మీద జరిగిన క్లాసు నాకు అన్నింటికన్నా ఎక్కువ నచ్చింది. 32 వేల సంకీర్తనలు అంటారు, అందులో సగం కూడా మనకు దొరకలేదు. దొరికినవి తిరుమల సంకీర్తనా భండారంలోని రాగిరేకుల మీదివి. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. అంటే ఈరోజు మనం గుళ్లో, పెళ్లిలో, క్యాసెట్లలో వింటున్న వరసలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ వంటివారు గత వందేళ్లలో కట్టినవి. నాకీ సంగతి తెలియదు. అయిదు వందల ఏళ్ల నాటి బాణీ అనుకునే వింటున్నాను. తెలిశాక ఆ పాటల మీద ఇష్టం తగ్గలేదు, ఆ వరసలు కట్టినవాళ్ల పేర్లు కూడా గుర్తుపెట్టుకోవాలనిపించింది.

ముత్తుస్వామి దీక్షితులు వచ్చేసరికి మా అమ్మాయి కదిలింది. ఆయన యువకుడిగా చెన్నపట్నం పక్కన మణలిలో ఉన్నప్పుడు తెల్లవాళ్ల బ్యాండు వినేవారట. ఆ ట్యూన్లకు సంస్కృతంలో సాహిత్యం రాశారు. వాటినే నొట్టుస్వరాలు అంటారు. టీచరుగారు 'సంతతం పాహిమాం' వాయించగానే మా అమ్మాయి, "ఇది ఇంగ్లండ్ నేషనల్ ఏంథమ్ కదా!" అని అరిచింది. అదే. ఆయన తమ్ముడు బాలుస్వామి వయొలిన్ నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చినవారిలో ముందువరసలో ఉన్నారు. బాలుస్వామి మనవడు సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి అచ్చు వేయించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండు వందలకు పైగా స్వరంతో, గమకాల (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే తీరుల) గుర్తులతో ఉన్నాయి. తమిళదేశంలో, సంస్కృత కృతులకు, అంత పెద్ద గ్రంథం అచ్చయింది తెలుగు లిపిలో. స్క్రీన్ మీద ఆ పేజీ పెట్టి ఒక్కో గుర్తునూ పాడి చూపించారు. ఒక మనిషి వెళ్లిపోయాక ఆయన పాట మనదాకా ఎలా వచ్చిందో అంత స్పష్టంగా నాకు ఎవరూ చూపించలేదు.

బెంగుళూరు నాగరత్నమ్మగారి మీద ఒక పూర్తి క్లాసు పెట్టినందుకు ప్రత్యేకంగా నమస్కారం. పాడుబడిన త్యాగరాజస్వామి సమాధి దగ్గర 1920లలో సొంత సొమ్ముతో గుడి కట్టించింది ఆవిడ. ఏటా అక్కడ జరిగే త్యాగరాజ ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వకపోతే ఆడవాళ్లందరినీ కూడగట్టి వేరే ఆరాధన నడిపింది. 1952లో పోయాక ఆవిడ సమాధి కూడా స్వామికి ఎదురుగానే కట్టారు. పంచరత్న కీర్తనలు టీవీలో చూసే ప్రతి ఇంట్లోనూ ఆవిడ పేరు తెలియాలి.

లోపాలు కూడా ఉన్నాయి. మొదటి రెండు వారాలు వీణ సరిగా వినపడలేదు. తంత్రి మోగడం మొదలైన క్షణానికే శబ్దాన్ని ఎవరో మింగేసినట్టు ఆగిపోయేది. జూమ్ తనంతట తాను 'శబ్దం తగ్గించే' పని చేయడమే కారణమని ఎవరో చెప్పాక, సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేశారు, బాగైంది. ఇది నిర్వాహకులు మొదటి రోజే చూసుకోవలసింది. రికార్డింగ్ వారం రోజులే ఉంచుతారు. పిల్లలకు పరీక్షలుండే నెలల్లో అది చాలదు. ఇక శ్యామశాస్త్రిగారిని ఇరవై నిమిషాల్లో ముగించేశారు. బంగారు కామాక్షి అర్చకుల కుటుంబమని, మూడు స్వరజతులని (స్వరాలూ సాహిత్యమూ కలిపి పాడే రచనలు) చెప్పి దాటేశారు. తెలుగులో అంత అందంగా రాసిన మనిషికి అది అన్యాయం. క్షేత్రయ్యను, రామదాసును కలిపి ఒకే రోజు చెప్పడం కూడా నాకు నచ్చలేదు. క్షేత్రయ్య ఊరు మువ్వ నుంచి వచ్చిన శృంగార పదానికీ గోల్కొండ చెరసాల నుంచి వచ్చిన భక్తి కీర్తనకీ ఒకే సాయంత్రం ఎలా సరిపోతుంది?

చివరి వారాలు మన కాలానికి దగ్గరగా వస్తాయి. విజయనగరం సంగీత కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారి ఆధ్వర్యంలో మొదలవడం, ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ వయొలిన్ చెప్పి 1936లో ప్రిన్సిపాల్ కావడం. ఆ తర్వాత ఒక పరంపర. త్యాగరాజస్వామి, మానంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఈ వరుస బోర్డు మీద రాసి, "బాలమురళిగారి కచేరీ నేరుగా విన్నవాళ్లు చేతులెత్తండి," అన్నారు. తెర మీద మా అత్తయ్య చెయ్యితో పాటు చాలా చేతులు లేచాయి.

పదేళ్లలోపు పిల్లలకు గంటన్నర కూర్చోవడం కష్టం, వాళ్ల కోసం చేరకండి. సంగీతం నేర్చుకుంటున్న టీనేజీ పిల్లలకు, నాలాగా పాట వినడమే తప్ప పాడడం రానివాళ్లకు, ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకు తప్పకుండా పనికొస్తుంది. తర్వాతి బ్యాచ్ సంక్రాంతి తర్వాత అన్నారు. చేరేవాళ్లు ఫోన్ స్పీకర్‌ను నమ్ముకోకుండా మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, శ్యామశాస్త్రిగారికి ఒక పూర్తి క్లాసు కావాలని మీరు కూడా అడగండి.