తినడం మొదలుపెట్టాకే చేపను చేతికిచ్చే షాపు

ఇంట్లో కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి ట్యాంకులో ఏంజెల్ చేప వేయాలని ఆశ ఉండి, భయపడి ఆగిపోయినవాళ్ళ కోసం రాస్తున్నాను. ఎంపరర్ లాంటి పెద్ద ఏంజెల్స్ కోరల్స్‌ని కొరుకుతాయి. కోరల్ బ్యూటీ లాంటి చిన్న రకాల్లో ఏది బుద్ధిగా ఉంటుందో, ఏది ఉండదో వేసి చూస్తే గానీ తెలియదు. నా టెన్షన్ ఇదేనని చెప్పగానే అక్వేరియం షాపు భాయ్ "ఏంజెల్స్‌లోనే జెనికాంథస్ అనే రకం ఉంది, అది చూడండి మేడం" అన్నారు. అవి నీళ్ళలో కొట్టుకొచ్చే ప్లాంక్టన్ (సన్నటి జీవులు) తిని బతికే చేపలు, కోరల్స్‌తో వాటికి పెద్దగా పని లేదు. అప్పుడు ఆయన దగ్గర ఆ రకంలోదే లామార్క్ ఏంజెల్ ఉంది. వెండి తెలుపు ఒంటి మీద పొడుగునా నల్లటి చారలు, రెండు కొసలూ సాగిన తోక. చూడగానే కావాలనిపించింది.

ఆయన ఇవ్వలేదు. "నిన్ననే దిగింది, ఇంకా తినట్లేదు. తిన్నాక ఫోన్ చేస్తాను" అన్నారు. అడ్వాన్స్ ఇస్తానన్నా పుచ్చుకోలేదు.

ఈ షాపు మీద నాకు గౌరవం కలిగింది అక్కడే. లామార్క్ చేపలు సముద్రంలో పది నుంచి యాభై మీటర్ల లోతులో తిరుగుతాయి. పట్టేటప్పుడు తొందరగా పైకి లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది. అలా దెబ్బతిన్న చేప తల కిందికి పెట్టి ఈదుతుంది, లేదా తేలిపోతూ ఉంటుంది. కొన్ని రోజులకే పోతుంది. అందుకే కొనేముందు చేప సమంగా ఈదుతోందా, పొట్ట లోపలికి పోయిందా, ఊపిరి ఎంత వేగంగా తీస్తోంది అని ట్యాంకు ముందు నిలబడి ఒక్కొక్కటీ చూపించారు. తర్వాత ఫోన్ వచ్చి వెళ్తే, నా ఎదురుగానే పంపు దగ్గర ఫ్రోజెన్ మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి మేత) వదిలారు. చేప నీటి మధ్యలోకి వచ్చి ఒక్కో ముక్కా ఏరుకు తింది.

తర్వాత ప్రశ్నలన్నీ నాకే. ట్యాంకు ఎంత? మూత ఉందా? ఈ రకం చేపలు ఎగిరి బయట పడతాయి కాబట్టి జాలీ మూత తప్పనిసరి అన్నారు. లామార్క్ 23 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, 450 లీటర్లకు తక్కువైతే ఇవ్వనని ముందే చెప్పేశారు. మాది ఐదడుగుల ట్యాంకు, ఫోటో చూపించాక గానీ ఒప్పుకోలేదు. నీళ్ళు చల్లబరిచే చిల్లర్ మెషిన్ లేదంటే చేప అసలు ఇచ్చేవారు కాదేమో. మన ఏప్రిల్, మే ఎండల్లో చిల్లర్ లేకుండా నీళ్ళు 26 డిగ్రీల దగ్గర ఉంచడం అయ్యే పని కాదు. కరెంటు పోతే పనికొస్తుందని బ్యాటరీ ఎయిర్ పంపు కూడా పెట్టుకోమన్నారు.

పట్టిన తీరు కూడా చెప్పాలి. ఏంజెల్ చేపలకు బుగ్గ దగ్గర గట్టి ముల్లు ఉంటుంది, వలలో వేస్తే అది చిక్కుకుని గాయమవుతుంది. అందుకని ఇక్కడి కుర్రాడు వల ముట్టుకోకుండా పారదర్శకమైన డబ్బాలోకి మెల్లగా తోలి పట్టాడు. తెల్లమచ్చ వ్యాధికి రాగి మందు వాడే ట్యాంకులు విడిగా ఉన్నాయి. ఆ నీళ్ళు కోరల్స్ ఉన్న వైపు చుక్క కూడా రానివ్వరు, రాగి వాటికి విషం. మందు ట్యాంకుల్లో ఉప్పు తక్కువగా పెట్టుకున్నా, అమ్మేముందు మెల్లగా సముద్రపు నీటి స్థాయికి, అంటే 1.025 సాంద్రతకి తెస్తారు. ఇంటికొచ్చి కవరులోని నీళ్ళు రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పు కొలిచే పరికరం) చూస్తే అంతే ఉంది.

రాతి కోరల్స్ (గట్టి సున్నపు గూడు కట్టే రకాలు) మాత్రం ఇక్కడ అడగకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటికి రక్షణ ఉంది, ఈయన అమ్మరు. నా దగ్గర ఉన్నవి మెత్తటి రకాలే: జోవాంథిడ్స్, మష్రూమ్స్, ఒక లెదర్ కోరల్. లామార్క్ వాటి జోలికే పోవడం లేదు. జోకర్ చేపల జంటను కూడా ఏమీ అనదు. రోజుకు మూడుసార్లు కొంచెం కొంచెంగా మైసిస్, బ్రైన్ ష్రింప్ వేస్తున్నాను, ఈ మధ్య పెల్లెట్లు కూడా అందుకుంటోంది.

నచ్చనివీ ఉన్నాయి. బండి పెట్టుకోవడానికి చోటు లేదు. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషికి దారి ఉండదు. ధర మిగతా చోట్ల కన్నా ఎక్కువే. కానీ అన్ని రోజులు ఉంచి, మేపి, మందు వేసి ఇచ్చే చేపకు ఆ ధర న్యాయమే అనిపించింది. బోరు నీళ్ళ కాలనీల్లో ఉండేవాళ్ళు ఆర్వో నీళ్ళతో కలిపిన ఉప్పునీటి క్యాన్లు కూడా తీసుకోవచ్చు, ఇరవై లీటర్లవి ఉంటాయి.

నాది ఆడచేప, పొట్ట కింది రెక్కలు తెల్లగా ఉన్నాయి. మగవాటికి అవి నల్లగా ఉంటాయి, నుదుటి మీద పసుపు మచ్చ వస్తుంది. ఇవన్నీ ముందు ఆడవిగానే పెరిగి, తర్వాత గుంపులో పెత్తనం చేసేది మగచేపగా మారుతుంది. రెండు మగవి ఒకే ట్యాంకుకు ఇవ్వనంటారు భాయ్. అందుకని ఇంకో చిన్న ఆడచేపకు చెప్పి ఉంచాను. శుక్రవారం మధ్యాహ్నం షాపు మూసి ఉంటుంది, సాయంత్రం వెళ్ళండి.